తాతగారి బీపీ మిషన్ మనవడికి పనికొస్తుందా?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు (మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. ఆస్పత్రిలో బీపీ 124/82 వచ్చింది, ఇంట్లో చూసి రాయమన్నారు. మా మావయ్యగారి మిషన్‌తో చూస్తే 104/66 దాటడం లేదు. ఆస్పత్రి భయంతోనే పెరిగిందనుకోవచ్చా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అప్పుడే అలా అనుకోకండమ్మా. ఆస్పత్రిలో మాత్రమే బీపీ పెరిగే పిల్లలు ఉన్న మాట నిజమే. కానీ మీ ఇంట్లో అంకె తగ్గడానికి చేతికి చుట్టే కఫ్ కారణం కావచ్చు. పెద్దవాళ్ల మిషన్‌తో వచ్చే కఫ్ సాధారణంగా 22–32 సెం.మీ. చేతులకు సరిపోతుంది. సన్నటి చేతికి దాన్ని చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. స్టెరాయిడ్లు బీపీని పెంచుతాయి కాబట్టి మీ బాబు విషయంలో ఈ లేని తగ్గుదలే ప్రమాదం. మరీ చిన్న కఫ్ అయితే ఎక్కువ చూపిస్తుంది.

భుజం ఎముక కొసకూ మోచేతి ఎముకకూ సరిగ్గా మధ్యలో దర్జీ టేపుతో చుట్టుకొలత తీయండి. 19 సెం.మీ. వచ్చిందనుకోండి, 17–22 అని రాసున్న కఫ్ కావాలి. అదీ మీ మిషన్ కంపెనీదే, ఆ మోడల్‌కు సరిపోయేదే కొనండి. మిషన్‌ను ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లి, స్టెతస్కోపుతో చూసిన బీపీతో పోల్చమనండి. మణికట్టు మిషన్ వద్దు.

పొద్దున టిఫినుకూ మాత్రలకూ ముందు, రాత్రి భోజనానికి ముందు చూడండి. ఒంటికి వెళ్లొచ్చాక కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టండి. పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేయండి. మంచం మీద కాళ్లు వేలాడేస్తే అంకె పెరుగుతుంది. ఫోనూ మాటలూ లేకుండా 5 నిమిషాలు ఆగాలి. కుడిచేతికే కట్టండి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పుట్టుకతో ఇరుకైన పిల్లల్లో కొందరికి ఎడమచేతి బీపీ తక్కువ వస్తుంది, అందుకే కుడిచెయ్యి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి, నచ్చినది ఏరుకోవద్దు. అలా 7 రోజులు. మొదటిరోజు అంకెలు సగటులో కలపరు.

120/80 అనే గీత 13 నిండినవాళ్లకే. అంతకు చిన్నవాళ్లకు వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది, కాబట్టి కాగితం మీద ఎత్తు కూడా రాసుకెళ్లండి. 11 ఏళ్లకు 124/82 తేలిగ్గా వదిలేసేది కాదు. ఇంటి అంకెలతో తేలకపోతే 24 గంటలు ఒంటిమీదే ఉండే మిషన్ పెట్టిస్తారు. ఈలోగా ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు ఆపేయండి. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్ – వీటిలో ఏది వచ్చినా వారం పూర్తయ్యేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.