ఐడిల్‌లో 18, గుంజితే 12: సెన్సర్ పోయినట్టేనా?

తమ్ముడూ, నల్లగొండలో ఉండగా ఐడిల్‌లో ఏఎఫ్‌ఆర్ గేజ్ (ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలి ఉందో చూపేది) 17-18 చూపుతోంది, నార్కట్‌పల్లి హైవే మీద బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) ఎక్కంగనే 12 దగ్గరికి వస్తోంది అన్నవు. ఇది ఎగ్జాస్ట్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ తప్పు కాకపోవచ్చు. సెన్సర్ కంటే ముందున్న ఎగ్జాస్ట్ జాయింట్‌లో లీక్ ఉంటే, ఐడిల్‌లో పొగ పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటది, అందుకే అంకె పెరుగుతది. లోడ్ పడితే ప్రెషర్ బయటికే తోస్తది, రీడింగ్ సరి అవుతది. బండి చల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి, టర్బో ఫ్లాంజ్ మీద, సెన్సర్ బంగ్ (సెన్సర్‌ను బిగించే మరల రింగు) చుట్టూ సబ్బునీళ్లు కొట్టి చూడు, బుడగ వస్తే అక్కడే. ప్లగ్‌లు కూడా చూడు, మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్‌తో గేజ్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అనే చెప్తది.

లీక్ లేదంటే సెన్సర్ విప్పు. బాష్ ఎల్‌ఎస్‌యు 4.9 అయితే కనెక్టర్ ఊడదీసి, చల్లగున్నప్పుడు బూడిద, తెల్ల వైర్ల (సెన్సర్ లోపలి హీటర్‌వి) మధ్య సుమారు 3.2 ఓమ్స్ రావాలి. అసలే కంటిన్యుటీ లేకపోతే హీటర్ కాలిపోయినట్టే. తర్వాత కనెక్టర్ తిరిగి పెట్టి, పెట్రోల్ వాసన లేని చోట కరెంటిచ్చి గాలిలో పట్టుకో, కొన బాగా కాలుతది, చెయ్యి తగలనియ్యకు. గేజ్ లీన్ చివరికి పోవాలి. పోకుంటే, గేజ్‌లో ఆ సదుపాయం ఉంటే ముందు ఫ్రీ ఎయిర్ క్యాలిబ్రేషన్ (మామూలు గాలిలో పెట్టి రీడింగ్ సరిచేసుడు), అప్పటికీ రాకుంటే కొత్తది.

కొత్తది పైపులో బిగించి హీటర్ కరెంట్ లేకుండా ఇంజిన్ నడపకు, మసి పట్టి చస్తది. ఎగ్జాస్ట్ జాయింట్లకు మామూలు సిలికాన్ పేస్ట్ కూడా వద్దు.