తల నాదే కదా, చలానా ఎందుకు?

హెల్మెట్ మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: హెల్మెట్ పెట్టుకోకపోతే పగిలేది నా తలే. ఎదుటివాడికి ఏ నష్టమూ లేనప్పుడు మధ్యలో ప్రభుత్వానికేం పని? దీన్ని కోర్టులో ఎవరూ అడగలేదా? అమెరికాలో ఇష్టమైతేనే పెట్టుకుంటారట! (ఓ పాఠకుడు, గుంటూరు)

జవాబు: అడిగారు. అదీ మన నిబంధన మీదే. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనలు–1964లో 498-ఎ అని చేర్చి బండి నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి చేశారు. అది సంచార స్వేచ్ఛకూ, వ్యక్తిగత స్వేచ్ఛకూ విరుద్ధమంటూ నేరుగా సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 1988లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఈ నిబంధన మీ ప్రయాణాన్ని ఆపడం లేదు, క్షేమంగా సాగేలా చూస్తోంది; నలుగురి మంచికి చేసిన చట్టాన్ని కాదనే ప్రాథమిక హక్కంటూ లేదు. ఇదీ తీర్పు సారాంశం.

అమెరికా మాట చాలావరకు నిజమే. హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్ల నిధులు తగ్గిస్తామని 1966లో అక్కడి కేంద్రం మెలిక పెట్టింది. 1975 నాటికి 47 రాష్ట్రాలు దారికొచ్చాయి. 1976లో ఆ మెలిక తీసేయగానే ఒక్కొక్కటీ సడలించుకోవడం మొదలైంది. ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్‌లలో పెద్దవాళ్లకు మోటారు సైకిల్ మీద హెల్మెట్ నిబంధన లేనే లేదు. కానీ ఫ్లోరిడా 2000లో పెట్టిన షరతు చూడండి: 21 ఏళ్లు నిండి, కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉన్నవారే హెల్మెట్ లేకుండా నడపాలి. తల మీ ఇష్టం, ఆసుపత్రి బిల్లు మాత్రం మా నెత్తిన పెట్టొద్దని దాని అర్థం.

"ఎదుటివాడికి నష్టం లేదు" అన్న మీ మాటతో మాకు పేచీ అక్కడే. పడ్డాక మిమ్మల్ని 108 తీసుకెళ్తుంది. పెద్దాసుపత్రిలో ఉన్న కొద్దిపాటి వెంటిలేటర్లలో ఒకటి మీ మంచం పక్కకు వస్తుంది. మెదడుకు దెబ్బ తగిలి బతికి బయటపడితే ఇంట్లో ఒకరు పని మానుకుని మీకు అన్నం తినిపిస్తూ కూర్చోవాలి. వీళ్లెవరూ మీ నిర్ణయంలో పాలు పంచుకున్నవాళ్లు కారు.

అయితే మీ కోపంలో న్యాయం ఉన్న చోటు ఒకటుంది. చెట్టు చాటు నుంచి ఫొటో తీసి పంపే చలానా తల మీద ఏదో ఒకటి ఉందా లేదా అనే చూస్తుంది. ఆ ఏదో ఒకటి హెల్మెట్టేనా, బెల్టు పెట్టుకున్నారా అన్నది పట్టించుకోదు. నాసిరకం హెల్మెట్లను అమ్మే దగ్గర వదిలేసి పెట్టుకునే దగ్గర పట్టుకోవడమేమిటని అడిగితే మేమూ మీతోనే ఉంటాం.

ప్రశ్న: వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి పాల ప్యాకెట్లు తెస్తాను. 30 దాటను. దానికీ హెల్మెట్టా? (ఓ పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీటర్లో 30 ఉందా 60 ఉందా అన్నది కాసేపు పక్కన పెట్టండి. బండి ఆగే ఉంది, కాలు జారి పక్కకు పడ్డారనుకుందాం. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పడిన తల నేలను తాకేసరికి వేగం సెకనుకు 5.4 మీటర్లు, అంటే గంటకు 19 కిలోమీటర్ల పైనే. స్పీడోమీటర్ సున్నా దగ్గరుండగా జరిగేది ఇది.

ఇక ఆ వేగంతో వచ్చిన తల ఎంత దూరంలో ఆగిందన్నదే అసలు లెక్క. సిమెంటు రోడ్డు మీద వట్టి తల 5 మిల్లీమీటర్లలో ఆగిందనుకోండి, పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే 300 వస్తుంది. భూమ్యాకర్షణకు 300 రెట్ల తోపు. హెల్మెట్ లోపలి థర్మకోల్ 30 మిల్లీమీటర్లు నలిగి ఆపితే అది 50 రెట్లే. గుడి మెట్ల మీద కొట్టిన కొబ్బరికాయ పగులుతుంది, ఇసుకలో పడినది పగలదు. కాయ అదే, ఎత్తు అదే.

అందుకే హెల్మెట్లో పనిచేసేది పైకి మెరిసే డొప్ప కాదు, లోపలి థర్మకోల్. డొప్ప దెబ్బను నాలుగు వైపులకు పంచుతుంది, మొనదేలిన రాయి లోపలికి దిగకుండా ఆపుతుంది, తారు మీద తల జారేలా చేస్తుంది. మెత్తటి స్పాంజి కేవలం సుఖానికి. స్పాంజి దళసరిగా ఉందని కొనేవాళ్లు చాలామంది. దెబ్బ తగిలితే అది కాగితంలా అణగిపోతుంది.

ప్రపంచవ్యాప్తంగా జరిగిన 61 అధ్యయనాలను 2008లో ఒకచోట చేర్చి చూస్తే, హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతున్నట్టు తేలింది. నూటికి నూరు కాదు. వంద వేగంతో డివైడర్‌కు కొడితే ఏ హెల్మెట్టూ కాపాడలేకపోవచ్చు. మీ పాల ప్యాకెట్ల ప్రయాణంలాంటి వాటిలోనే అది బాగా అక్కరకొస్తుంది.

ప్రశ్న: రోడ్డు పక్కన 200 రూపాయలకు ఐఎస్‌ఐ స్టిక్కర్‌తోనే అమ్ముతున్నారు. షాపులో వెయ్యి పైమాట. తేడా పసిగట్టడమెలా? (ఓ పాఠకురాలు, విజయనగరం)

జవాబు: స్టిక్కర్ ఎవరైనా అచ్చు వేయించగలరు, నంబరు దగ్గరే దొరికిపోతారు. అసలు ముద్రలో ఐఎస్‌ఐ గుర్తుకు పైన "ఐఎస్ 4151" అని, కింద "సీఎం/ఎల్" తర్వాత అంకెలు ఉంటాయి. ఫోన్లో బీఐఎస్ (ఐఎస్‌ఐ ముద్రకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని, లైసెన్సు వివరాలు సరిచూసే చోట ఆ అంకెలు కొట్టండి. తయారీదారు పేరు, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో వస్తాయి. హెల్మెట్ మీదున్న కంపెనీ ఒకటి, యాప్‌లో వచ్చింది ఇంకొకటి అయితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. కింద అంకెలే లేకపోతే చూడనే అక్కర్లేదు.

యాప్ లేకున్నా చేతులున్నాయి. రెండు అరచేతులతో రెండు పక్కలా నొక్కండి. ప్లాస్టిక్ మగ్గులా లోపలికి పోతే డొప్ప పలచనన్నమాట. లోపలి గుడ్డ కాస్త పక్కకు లాగి థర్మకోల్ చూడండి. నడినెత్తిన, కణతల దగ్గర, వెనక ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. గోటితో గీరితే టీవీ డబ్బాలో వచ్చే థర్మకోల్‌లా గింజలు గింజలుగా రాలకూడదు. కొన్నిటిలో అసలు థర్మకోలే ఉండదు, డొప్పకు స్పాంజి అతికిస్తారు. బెల్టు డొప్పకు రివెట్‌తో బిగించి ఉందా, గట్టిగా గుంజితే కదులుతోందా చూసుకోండి. బరువుగా ఉంటే గట్టిదని నమ్మకండి.

2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం రెండూ నేరమే. అయినా ఫుట్‌పాత్ మీద గుట్టలుగా ఎందుకున్నాయని అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

ప్రశ్న: కొత్త హెల్మెట్ బుగ్గల్ని నొక్కేస్తోంది. ఒక సైజు పెద్దది తీసుకోవచ్చా? (ఓ పాఠకుడు, కర్నూలు)

జవాబు: వద్దు. బుగ్గల దగ్గర స్పాంజి వాడుతుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నుదుటి మీద నొప్పి పుట్టి, 15 నిమిషాల తర్వాత తీస్తే ఎర్రటి గుర్తు పడిందంటే మాత్రం అది మీ తల ఆకారానికి సరిపడలేదు, ఇంకో కంపెనీది చూడండి. టైలర్ టేపుతో కనుబొమల మీదుగా, చెవులకు పైగా, వెనక ఎత్తుగా ఉన్న చోటు కలుపుతూ కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే లేబుల్ మీద 580 ఉన్నదే మీ సైజు. రెండు సైజులకు మధ్యలో ఉంటే రెండూ పెట్టి చూసి, నొప్పి లేకుండా బిగుతుగా ఉన్నది తీసుకోండి.

బెల్టు పెట్టాక మెడ వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి తోయమని ఎవరినైనా అడగండి. ఊడి వచ్చిందంటే ప్రమాదంలోనూ ఊడుతుంది. క్లిప్ "టక్"మనాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. బెల్టు వదిలేసిన హెల్మెట్ తల కన్నా ముందు రోడ్డు మీదికి వెళ్తుంది. బెల్టుతో తలకు బిగించుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వివరణలోనే ఉంది కాబట్టి, పెట్టుకుని కూడా చలానా కట్టాల్సి రావచ్చు.

ప్రశ్న: మా ఆవిడ వెనక పక్కకు కూర్చుంటుంది. కొప్పుతో హెల్మెట్ పట్టదు. ఆమెకూ తప్పదా? మూడేళ్ల బాబుకో? (ఓ పాఠకుడు, నల్గొండ)

జవాబు: ఆమెకూ తప్పదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపినా వెనక కూర్చున్నా, వర్తిస్తుంది. పక్కకు కూర్చున్నవారికి మోకాళ్లతో పట్టు దొరకదు, గుంతలో బండి ఎగిరితే వెల్లకిలా పడతారు, ముందు తగిలేది తల వెనక భాగమే. కొప్పు మీద పెడితే హెల్మెట్ పైకి లేచి కణతలు బయటపడతాయి. బండి ఎక్కే ముందు కొప్పు విప్పి మెడ దగ్గర వదులుగా జడ వేసుకోమనండి.

బాబు సంగతి వేరు. 9 నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది: నడిపేవారికి పిల్లవాణ్ణి కట్టి ఉంచే, 30 కిలోలు మోయగల హార్నెస్, తలకు సరిపోయే హెల్మెట్ లేదా సైకిల్ హెల్మెట్, వేగం 40 దాటకూడదు. పెద్దల హెల్మెట్ పసివాడి తలకు పెట్టకండి, బరువంతా మెడ మీద పడుతుంది. ఇంకో చిక్కు: 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక ఒక్కరే ఎక్కాలి. ముగ్గురు కలిసి వెళ్లాలంటే ఆటోనే.

ప్రశ్న: సిక్కులకు మినహాయింపు ఉందిగా. నేనూ తలపాగా చుడితే? (ఓ పాఠకుడు, అనంతపురం)

జవాబు: టర్బన్ ధరించిన సిక్కు వ్యక్తికి అని చట్టంలో స్పష్టంగా ఉంది. మీ తలపాగాకు అదే చట్టంలోని 194-డి సెక్షన్ వర్తిస్తుంది: 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. కోర్టుకు వెళ్లకుండా కట్టే రాజీ మొత్తాన్ని 200వ సెక్షన్ కింద రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు కాబట్టి చలానాలో అంకె రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ప్రశ్న: నాన్నగారికి ఇక్కడి నుంచి డాట్ (అమెరికా రవాణా శాఖ ప్రమాణం) గుర్తున్న ఖరీదైన హెల్మెట్ తెస్తున్నాను. చెల్లుతుందా? (ఓ పాఠకుడు, డాలస్)

జవాబు: చట్టం అడిగేది బీఐఎస్ ప్రమాణం. ఐఎస్‌ఐ ముద్ర లేకపోతే పోలీసు ఆపినప్పుడు మీ నాన్నగారి దగ్గర జవాబుండదు. పైగా డాట్ అంటే ప్రమాణం ప్రకారమే చేశామని తయారీదారు తనకు తానే వేసుకునే ముద్ర. ఆ డబ్బు పంపితే ఇక్కడే మంచిది కొనుక్కుంటారు.

ప్రశ్న: హెల్మెట్ వల్ల జుట్టు రాలుతోంది. (ఓ పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మగవారి బట్టతలకు ప్రధాన కారణం వంశపారంపర్యం, హార్మోన్లు. చెమట నిలిచి చుండ్రు, దురద రావడం మాత్రం నిజం. లోపలి గుడ్డ ఊడేదైతే వారానికోసారి షాంపూ నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. పలచటి నూలు టోపీ లోపల పెట్టుకుని రోజూ మార్చండి. తడి తలకు హెల్మెట్ పెట్టకండి.

ప్రశ్న: ఒకసారి బండి మీద నుంచి పడ్డాను, హెల్మెట్‌కు చిన్న గీతే పడింది. వాడుకోవచ్చా? (ఓ పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: తల లోపల ఉండగా నేలకు తగిలిందా? అయితే మార్చేయండి. పైన గీతే కనిపించినా లోపల థర్మకోల్ నలిగి ఉంటుంది, నలిగింది మళ్లీ ఉబ్బదు. సీటు మీద నుంచి ఖాళీ హెల్మెట్ జారిపడితే సాధారణంగా భయం లేదు, లోపల చీలిక ఉందేమో చూసుకుంటే చాలు. అద్దం కాడకు తగిలించే అలవాటు ఉంటే మానండి, ఆ కాడ మొన థర్మకోల్‌లో గుంట చేస్తుంది. మరక పోవడానికి పెట్రోలు, థిన్నర్ రాయకండి, డొప్ప పెళుసుబారుతుంది. సబ్బు నీళ్లు చాలు. పాతది పారేసేటప్పుడు బెల్టు కోసేయండి, లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని పెట్టుకుంటారు.