పలాస జీడిపప్పు యూనిట్‌కి రెట్టింపు బిల్లు: ఫిర్యాదుకి ముందు రాజీ దారి

పలాసలోని మీ జీడిపప్పు యూనిట్‌కి, మీటరు మార్చిన నెల నుంచే కరెంటు బిల్లు మునుపటికి సరిగ్గా రెట్టింపు వస్తోందన్నారు కదా, తప్పు మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌లో, అంటే మీటరు రీడింగ్‌ని గుణించే అంకెలో ఉండొచ్చు. సీటీ (ఎక్కువ కరెంటుని మీటరుకి సరిపడా తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మీద 100/5 అని ఉండి మీటరు 5 ఆంపియర్లదైతే రీడింగ్‌ని 20తో గుణించాలి. బిల్లులో 40 పడిందేమో చూడండి.

1. సీటీ, మీటరు ఫొటోలు జతచేసి విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి అర్జీ ఇవ్వండి. మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. మీ ఎదుటే తనిఖీ చేయమని అందులోనే అడగండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే. గొడవ ఉందని బిల్లు మొత్తం ఆపేస్తారు, లైను కట్ అవుతుంది. పని ఆగిపోయాక ఏ షరతుకైనా ఒప్పుకోవాల్సి వస్తుంది. దయచేసి అలా చేయకండి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 56 ప్రకారం, వాళ్లు అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు, ఈ రెండింటిలో తక్కువది "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసిచ్చి కట్టండి. అలా కడితే వివాదం తేలేదాకా వాళ్లు సరఫరా ఆపకూడదు.

3. అప్పటికీ కదలకపోతే శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి కరెంటు లాంటి ప్రజా సేవల గొడవలు తేల్చే శాశ్వత లోక్ అదాలత్ గురించి అడగండి. కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి కూర్చోబెడతారు. అక్కడ అర్జీ వేశాక అదే గొడవతో కోర్టుకి వెళ్లలేరు, ఆలోచించుకుని వేయండి.

డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) వినియోగదారుల ఫోరం, ఆపైన ఫిర్యాదులు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ వేరే దారి. అక్కడికి వెళ్లినా అర్జీ మీద ముద్ర వేయించుకున్న ఆ కాపీ, అభ్యంతరంతో కట్టిన ఆ రసీదే చూపించాలి.