అవునూ అనరు, కాదూ అనరు

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. నల్గొండలో గ్రూప్స్‌కు చదువుతున్నాను. రీడింగ్ హాల్లో పరిచయమైన ఒకరు నోట్స్ ఇచ్చి సాయం చేశారు. ఏడాదిగా ఆయన తప్ప మరో ధ్యాస లేదు. మనసులో మాట చెబితే ‘పరీక్షలు కానివ్వండి, చూద్దాం’ అన్నారు. ఒకరోజు పలకరిస్తారు, నాలుగు రోజులు ముఖం చాటేస్తారు. అర్ధరాత్రి లేచి ఆయన వాట్సాప్‌లో ఉన్నారేమోనని చూస్తున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కడం లేదు. నాకు పిచ్చి పడుతోందా?

జవాబు: లేదమ్మా. మీ ఉత్తరం మొత్తం చదివాను. ఆయన ఎలాంటి మనిషో రెండు వాక్యాలకు మించి లేదు. ఏ రోజు నవ్వారు, ఎన్ని గంటలకు ఆన్‌లైన్‌లోకి వచ్చారు అన్నది మాత్రం పేజీల నిండా ఉంది. అమెరికా మనస్తత్వవేత్త డొరొతీ టెన్నోవ్ 1979లో వెలువరించిన పుస్తకంలో ఈ స్థితిని లిమరెన్స్ అన్నారు. ఇది జబ్బు కాదు కానీ మనిషిని పీల్చి పిప్పి చేస్తుంది. దీనికి మేత ప్రేమ కాదు, సందిగ్ధం. ముఖం మీదే కాదంటే ఏడ్చి ఊరుకునేవారు. ఎప్పుడు దక్కుతుందో తెలియని పలకరింపే మిమ్మల్ని కట్టిపడేసింది.

పట్టు సడలుతుందా అంటే, సడలుతుంది. 1999లో ఇటలీలోని పీసా పరిశోధకులు కొత్తగా ప్రేమలో పడ్డవారి రక్తాన్ని పరీక్షించారు. మనసు తీరును ప్రభావితం చేసే మెదడు రసాయనం సెరటోనిన్‌ను చేరవేసే ప్రోటీన్, ఓసీడీ (వద్దన్నా ఒకే ఆలోచన పదే పదే వేధించే జబ్బు) ఉన్నవారిలో మాదిరే తక్కువగా కనిపించింది. వారిలో కొందరిని ఏడాది దాటాక మళ్లీ చూస్తే మామూలు స్థాయికి వచ్చింది. అయితే మీరు మేత వేస్తూ పోతే మాత్రం గడువు పెరుగుతుంది.

ఏడాదిగా ‘చూద్దాం’ అంటున్నారంటే కాదనే లెక్క. మళ్లీ అడగకండి. ఆయన తప్పుందా అన్న విచారణ కూడా వద్దు, అదీ ఆయన గురించి ఆలోచించడమే! నంబరు తీసేయండి, రీడింగ్ హాలుకు వెళ్లే వేళ మార్చండి. రాత్రి ఫోను అమ్మ దగ్గర పెట్టి పడుకోండి. మొదటి వారం ప్రాణం కొట్టుకుంటుంది, తెలుసు. అక్కకో స్నేహితురాలికో ఉన్నదున్నట్టు చెప్పుకోండి. నిద్ర, తిండి బొత్తిగా తప్పినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక్క మాట. ఆయన నోట్స్ తిరిగివ్వాలన్న వంకతో మీరు వెళ్లవద్దు. ఎవరిచేతనైనా పంపండి.