హెడ్‌సెట్ పెట్టుకుంటే కడుపులో తిప్పుతోంది!

ప్రశ్న: మా ఆఫీసులో వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఒకటి తెచ్చి, నలుగురం వంతులవారీగా వాడాలన్నారు. పావుగంటకే నాకు తల బరువెక్కి, కడుపులో తిప్పుతోంది. మిగతావారికి ఏమీ కావడం లేదు. లోపం నాలోనే ఉందా? ముందుముందు మానిటర్ల బదులు రోజంతా దీంతోనే పనిచేయాల్సి వస్తుందా?

జవాబు: మీలో లోపమేమీ లేదు. నలుగురికీ ఒకే హెడ్‌సెట్ అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. కనుపాపల మధ్య దూరం అందరికీ ఒకేలా ఉండదు. పెద్దవారిలో సగటున 63 మిల్లీమీటర్లు. మీ ముందు వాడినవారు తమకు సరిపోయేలా లెన్సులు జరుపుకుని ఉంటే, మీ కళ్లు ఆ తేడాతో కుస్తీ పడుతున్నట్టే. కళ్లజోడు చీటీలో ‘పీడీ’ అని ఉండే అంకె ఇదే. కొన్ని హెడ్‌సెట్లలో లెన్సులను దీనికి తగ్గట్టు సరిచేయడానికి చిన్న చక్రం ఉంటుంది. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2లోనైతే లెన్సులను చేత్తోనే జరపాలి. అవి 58, 63, 68 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతాయి.

ఇక కడుపులో తిప్పడం. ఘాట్ రోడ్డులో బస్సెక్కి పుస్తకం చదివితే ఒళ్లు కదులుతుంది, కళ్ల ముందున్న పేజీ కదలదు. ఇక్కడ అంతా తలకిందులు: మీరు కుర్చీలోనే ఉంటారు, కళ్లు మాత్రం నడుస్తున్నామంటాయి. అందుకే సెట్టింగుల్లో జారుతూ నడిచే పద్ధతి తీసేసి, ఒక చోటి నుంచి మరో చోటికి ఒక్కసారిగా దూకే పద్ధతి పెట్టుకోండి. వికారం మొదలవగానే తీసేయండి. పంటి బిగువున భరిస్తే అలవాటవుతుందనే సలహా వినకండి.

హెడ్‌సెట్‌లో గాల్లో తేలుతూ కనిపించే తెరలను ముక్కు దగ్గరకు లాక్కోకండి. హెడ్‌సెట్‌లో బొమ్మ ఎంత దగ్గరగా కనిపించినా కంటి ఫోకస్ ఒకే దూరంలో ఉండాలి. దగ్గరి వస్తువును చూస్తే కళ్లు లోపలికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం దాంతోపాటు రాదు. చేయి చాచినా అందనంత దూరంలో తెర పెట్టుకుంటే ఈ పీకులాట తగ్గుతుంది.

రోజంతా అంటారా? జర్మనీలోని కోబర్గ్ విశ్వవిద్యాలయం వారు 18 మందితో ఇదే చేయించి, 2022లో ఫలితాలు వెల్లడించారు. రోజుకు ఎనిమిది గంటలు, ఐదు రోజులు. ఇద్దరు మొదటి రోజే మానేశారు. మిగిలిన 16 మంది కంటి ఒత్తిడి, చిరాకు పెరిగాయనీ, పని తక్కువ సాగిందనీ చెప్పారు. వారం గడిచేకొద్దీ కొంత అలవాటు పడ్డ మాట నిజమే. కానీ అర కిలో బరువు ముఖానికి వేలాడుతుంటే ఎక్సెల్ షీటు నింపడం ఎవరికి సుఖం?

యంత్రం నమూనాను చుట్టూ తిరిగి చూడటానికో, ప్రమాదకరమైన పనిలో శిక్షణకో ఇది బాగా పనికొస్తుంది. అరగంటలో ముగించండి. మానిటర్లను మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. దీన్ని కొన్న మీ పైఅధికారి ఒక పూటంతా తలకు తగిలించుకుని చూశారో లేదో, వీలుంటే మర్యాదగా అడగండి.