ముప్ఫై దాకా గడగడా చెబుతాడు, నాలుగు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెస్తాడు

మీ బాబుకి మూడున్నరేళ్లు, అంకెలు ముప్ఫై దాకా వచ్చు, అయినా నాలుగు చెంచాలు తెమ్మంటే చేతికొచ్చినన్ని తెస్తున్నాడు, ఇప్పటి నుంచే వర్క్‌షీట్లు చేయించాలా అని అడిగారు. అక్కర్లేదండీ, టెన్షన్ కూడా పడకండి. నేను కొన్నేళ్లు చిన్నపిల్లల క్లాసులో పనిచేశాను, ఇంట్లో మా అమ్మాయినీ చూశాను. ఆ వయసులో ఇది మామూలే.

అంకెలు అప్పజెప్పడం పాట పాడినట్టే, నోటికి వస్తే చాలు. లెక్కపెట్టడానికి అంతకంటే చాలా కావాలి. ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె చెప్పాలి, దేన్నీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు తాకకూడదు. అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కేది, ఆఖరున చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి. ఐదు గుండీలు లెక్కపెట్టించి, "మొత్తం ఎన్ని?" అని అడగండి. "ఐదు" అనకుండా మళ్లీ ఒకటి, రెండు అంటూ మొదలుపెడితే ఆ సంగతి ఇంకా పట్టుబడలేదన్నమాట.

మీరు చెంచాలతో చేసిందే కరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల మొదట్లో బొమ్మలతో చేశారు. ఇన్ని ఇవ్వు అని పిల్లల్ని అడిగారు. తేలిందేమిటంటే, అంకెలు వరసగా చెప్పగలిగే పిల్లలకి కూడా ముందు "ఒకటి" అర్థమవుతుంది, కొన్ని నెలలకి "రెండు", ఇంకొన్నాళ్లకి "మూడు". ఆ తర్వాత ఎప్పుడో గుట్టు దొరికిపోతుంది, ఇక ఎన్ని అడిగినా లెక్కపెట్టి ఇస్తారు. కాబట్టి మీ వాడు ఎక్కడున్నాడో ముందు చూసుకోండి. రెండు అడిగితే సరిగ్గా తెచ్చి, మూడు అడిగితే గుప్పెడు తెస్తుంటే ప్రస్తుతానికి మీ పని మూడుతోనే. ముప్ఫైని యాభై చేయడం వల్ల చుట్టాల ముందు చెప్పించుకోవడానికి తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మా ఇంట్లో బాగా పనిచేసింది బొమ్మలకి కప్పులు పంచే ఆట. మా అమ్మాయి నాలుగు బొమ్మల్ని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. "అందరికీ తలా ఒక కప్పు తీసుకురా" అన్నాను. మూడు తెచ్చింది. ఎలుగుబంటికి మిగల్లేదు. నా వైపు చూసింది, నేను నోరు మెదపలేదు. కుందేలు ముందున్న కప్పు తీసి ఎలుగుబంటికి పెట్టింది. ఇప్పుడు కుందేలుకి లేదు! కాసేపు రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసి, లేచి వెళ్లి ఇంకొక్క కప్పే తెచ్చింది. గుప్పెడు కాదు, ఒక్కటే. తప్పు అని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్దవాళ్లకి ఇందులో కష్టమల్లా ఆ కాసేపు ఊరుకోవడమే.

మాటల్లో కూడా అంకె పడనివ్వండి. "సాక్సులు తీసుకురా" బదులు "రెండు సాక్సులు తీసుకురా". "ఎన్ని?" అని అడగడం కంటే "మూడు ఇవ్వు" అనడం మేలు. "ఎన్ని?" అంటే పిల్లలు పాట అందుకుంటారు, "ఇవ్వు" అంటే ఆలోచించాలి.

వాడు కొంచెం పెద్దయ్యాక గళ్ల ఆట ఆడించండి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, 1 నుంచి 10 దాకా వరసగా అంకెలున్న గళ్ల ఆటని నాలుగైదేళ్ల పిల్లలతో రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున ఆడించారు. ఒక గీత మీద ఏ అంకె ఎక్కడ వస్తుందో అంచనా వేయడం ఆ పిల్లలకి మెరుగైంది. అంకెల బదులు రంగులున్న గళ్లతో ఆడినవాళ్లకి ఆ లాభం రాలేదు. ఒక కిటుకుంది: కాయ 4 మీద ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని కాదు, "ఐదు, ఆరు" అంటూ జరపాలి. బోర్డు కొనక్కర్లేదు, వర్క్‌షీట్ వెనకవైపు గీసుకోండి, దానికైతే అవి భేషుగ్గా పనికొస్తాయి.

లెక్కలంటే అంకెలే కాదు కదా. బ్లాకులు పేర్చడం, పజిల్ ముక్కలు తిప్పి చూడటం, "పైన, కింద, మధ్యలో", "దీనికంటే పొడుగు" లాంటి మాటలు, అన్నీ ఇందులోవే. వీటికి ప్రత్యేకంగా టైమ్ పెట్టక్కర్లేదు.

రెండు వరసల్లో సమానంగా గుండీలు పెట్టి, ఒక వరసలోవి దూరం దూరంగా జరిపితే "ఇవే ఎక్కువ" అంటాడు. పిల్లల ఆలోచన మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే ఎప్పుడో చూపించిన విషయమే ఇది. దాని మీద వాడితో వాదించకండి, సాధారణంగా ఆరేడేళ్లకి అదే సర్దుకుంటుంది. ఐదేళ్లు దగ్గరపడుతున్నా, ఇలా ఆడిస్తున్నా కూడా, రెండు మూడు వస్తువులు సరిగ్గా తీయలేకపోతుంటే మాత్రం వాళ్ల టీచర్‌తోనో పిల్లల డాక్టర్‌తోనో ఒకసారి మాట్లాడండి.