ఇల్లు ఆయనదైతే నేను పోవాల్సిందేనా?

ప్రశ్న: అక్కా, పెళ్ళై ఆరేళ్ళు, మా ఆయన తాగొచ్చి కొడతాడు పొద్దున్నే సారీ అంటాడు, అత్తయ్యేమో సర్దుకుపో అంటది, ఇప్పుడు బైక్ చప్పుడు వింటేనే గుండె దడ, నిద్ర లేదు. ఎదురు మాట్లాడితే ఇల్లు నాది బయటికి పో అంటున్నాడు. – ఓ చెల్లి, వరంగల్

జవాబు: ఎందుకు పోతావ్ చెల్లీ? ఇల్లు ఎవరి పేరు మీదున్నా నిన్ను ఊరికే గెంటేయడానికి లేదు, 2005 గృహహింస చట్టంలోనే ఉంది. ఆ దడ, నిద్రలేమి కూడా దెబ్బలే, డాక్టర్‌కి కారణం దాచకుండా చెప్పు, ఆ చీటీ రేపు కోర్టులో పనికొస్తది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింస పడే ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్‌కి పంపిస్తారు, ఈ చట్టం కింద ఉండే రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, నిన్ను కొట్టొద్దని ఆర్డర్ వచ్చాక కూడా చెయ్యెత్తితే ఏడాది దాకా జైలు. కొడుతుంటే మాత్రం ఆలోచించకు, వెంటనే పోలీసులకి 112. సర్దుకోవాల్సింది నువ్వు కాదు, నీ ఆధార్, సర్టిఫికెట్లు, అవి సర్ది పుట్టింట్లో పెట్టు.